తిత్తి కారెక్కింది

కమ్మరి కొలిమిని మీరెప్పుడయినా దగ్గరగా చూశారా? బొగ్గులు పేర్చి నిప్పు రాజేస్తే అవి ఎర్రగా కణకణలాడతాయి. కాని ఆ వేడికి ఇనుము లొంగదు. పక్కన కూర్చున్న మనిషి తిత్తి ఊదడం మొదలుపెట్టగానే బొగ్గులు తెల్లగా మెరుస్తాయి, గొడ్డలి ముక్క మెత్తబడుతుంది. బొగ్గు అదే, నిప్పు అదే. ఎక్కువయింది గాలి మాత్రమే. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో ఒకప్పుడు దేశదేశాల్లో పేరుపడిన ఉక్కు తయారయ్యేది. అక్కడి కొలుములకు కూడా తిత్తే ప్రాణం.

ఆ తిత్తిని తీసుకెళ్ళి కారు ఇంజనుకు తగిలిస్తే ఏమవుతుంది? అదే సూపర్‌ఛార్జర్. అది ఎలా పనిచేస్తుందో ఈ పాఠంలో తెలుసుకుందాం. పనిచేయనప్పుడు లోపం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఇంకా రుచిగా ఉంటుంది కనుక ఎక్కువసేపు అక్కడే గడుపుదాం.

ఇంజను పెట్రోలు తాగుతుందని అందరికీ తెలుసు. అంతకంటె ఎన్నో రెట్లు గాలి తాగుతుందని చాలామందికి తట్టదు. ఒక గ్రాము పెట్రోలు సరిగా మండాలంటే రమారమి పదిహేను గ్రాముల గాలి కావాలి. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో. దానికి కావలసిన గాలి పదకొండు కిలోలు. కిలోల్లో చెబితే చిన్నదిగా ఉంది గదా? అదే గాలిని లీటర్లలో కొలిస్తే దాదాపు పదివేల లీటర్లు! కనుక ఇంజను బలం పెంచాలంటే పెట్రోలు ఎక్కువ పోయడం పెద్ద పని కాదు. దానికి తగిన గాలిని సిలిండరులో పట్టించడమే పెద్ద పని.

మామూలు ఇంజనులో పిస్టను కిందికి దిగినప్పుడు సిలిండరులో పీడనం తగ్గుతుంది. బయటి వాతావరణం గాలిని లోపలికి తోస్తుంది. అంటే ఇంజనుకు అన్నం వడ్డించేది వాతావరణ పీడనం. ఆ పీడనం అన్ని ఊళ్ళలో ఒకటి కాదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్‌ల మీదుగా పోయే విజయవాడ రోడ్డు మీకు తెలుసు గదా. ఒకప్పుడు దాన్ని 9వ నంబరు జాతీయ రహదారి అనేవారు, ఇప్పుడది 65. ఆ రోడ్డు చివర మచిలీపట్నం ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డున భారమితిలో పాదరసం 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. అదే భారమితిని కారులో పెట్టుకుని హైదరాబాదు వస్తే, సుమారు 500 మీటర్లు ఎక్కి వస్తాం కనుక, పాదరసం 715 దగ్గరకు దిగుతుంది. నూటికి ఆరు పాళ్ళు తక్కువ. మచిలీపట్నంలో కడుపునిండా గాలి పీల్చిన ఇంజను దిల్‌సుఖ్‌నగర్ చేరేసరికి ఆరోవంతు కాదు గాని, నూటికి ఆరు వంతులు పస్తున్నట్టే.

ఇప్పుడు తిత్తి సంగతి. కార్లలో ఎక్కువగా వాడిన తిత్తి రకానికి రూట్స్ బ్లోయరని పేరు. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు కానర్స్‌విల్ అనే ఊళ్ళో ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములకు ఒక ఉన్ని మిల్లు ఉండేది. మిల్లు తిప్పడానికి నీటి చక్రం కంటె మంచి యంత్రం చేద్దామని వారు మొదలుపెట్టారు. తయారయిన యంత్రం నీటికంటె గాలిని తోయడానికే బాగా పనికివచ్చింది. 1860లో దానికి పేటెంటు పొందారు. లోహాలు కరిగించే కొలుములకు దాన్ని వాడారు. చూశారా, అది పుట్టుకతోనే కొలిమి తిత్తి!

దాని లోపల పక్కపక్కనే రెండు రోటర్లుంటాయి. ఒకదాని బొడిపె రెండోదాని పల్లంలోకి వస్తూ పోతూ తిరుగుతాయి. కాని ఒకదాన్నొకటి తాకవు. వాటి మధ్య ఎడం తలవెంట్రుక మందానికి అటూ ఇటూగా ఉంటుంది. తాకకుండా కాపాడేవి ఒక కొసన ఉన్న రెండు పళ్ళచక్రాలు. రోటరుకూ గోడకూ మధ్య చిక్కిన గాలి అవతలి వైపుకు మోయబడుతుంది. బావిలో గిరక తిరుగుతూ బొక్కెన బొక్కెనగా నీళ్ళు పైకి చేర్చినట్టు.

పీడనం ఎక్కడ పుడుతుంది? లెక్క వేసి చూద్దాం. చిన్న కార్లకు వాడిన ఈటన్ వారి ఎం-45 అనే రకం ఒక చుట్టు తిరిగితే 45 ఘనపుటంగుళాల గాలిని, అంటే సుమారు 740 ఘన సెంటీమీటర్లను ముందుకు తోస్తుంది. 1,800 ఘన సెంటీమీటర్ల నాలుగు ఘాతాల ఇంజను తన సిలిండర్లన్నీ ఒకసారి నింపుకోవడానికి రెండు చుట్లు తిరగాలి. కనుక చుట్టుకు అది తాగేది 900. బెల్టు ఆ తిత్తిని ఇంజను కంటె రెట్టింపు వేగంతో తిప్పుతోందనుకోండి. ఇంజను ఒక చుట్టు తిరిగేసరికి తిత్తి 1,480 పంపుతుంది. తాగేవాడు 900 తాగుతుంటే పోసేవాడు 1,480 పోస్తున్నాడు. మిగిలింది ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోలేక గొట్టంలో కిక్కిరిసిపోతుంది. సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండులో సిటీబస్సు తలుపు దగ్గర మనుషులు కిక్కిరిసినట్టు. ఆ రద్దీయే పీడనం.

నొక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలు పంపు కొట్టినప్పుడు దాని మూతి చేతికి వెచ్చగా తగలడం మీరు గమనించే ఉంటారు. 35 డిగ్రీల గాలిని ఇటువంటి తిత్తితో 1.4 రెట్ల పీడనానికి తెస్తే అది 90 డిగ్రీల దాకా కాగవచ్చు. వేడి గాలి వ్యాకోచిస్తుంది కనుక పీడనం 1.4 రెట్లయినా సాంద్రత 1.2 రెట్లకు మించదు. అందుకే మధ్యలో ఇంటర్‌కూలరు అనే రేడియేటరు పెట్టి చల్లబరుస్తారు. 50 డిగ్రీలకు దించగలిగితే సాంద్రత 1.3 రెట్లు దాటుతుంది.

ఇంజనుకు గాలిని దట్టించి పంపాలన్న ఆలోచనకు గోట్‌లీబ్ డైమ్లర్ 1885లోనే పేటెంటు తీసుకున్నాడు. 1921లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ వారు సూపర్‌ఛార్జర్ కార్లు చూపించారు. జర్మన్ భాషలో దాన్ని కొంప్రెసొర్ అంటారు. 2000 తరువాతి దశకంలో మన దేశంలో కూడా అమ్ముడయిన సి-200 కొంప్రెసొర్ కారు వెనకవైపు ఆ మాటే రాసి ఉంటుంది. దాని ఇంజను 1,796 ఘన సెంటీమీటర్లు, నాలుగే సిలిండర్లు. 2002లో వచ్చిన రకానికి 163 అశ్వశక్తి.

అయినా మన రోడ్లమీద ఇది అరుదయిన జంతువే. లారీలకూ బస్సులకూ ఉండేది దీని దాయాది, టర్బోఛార్జర్. దాన్ని బెల్టు తిప్పదు. వదిలేసే పొగే తిప్పుతుంది. స్విట్జర్లండుకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లో దానికి పేటెంటు పొందాడు. హయత్‌నగర్ దారిలోని ఆటోనగర్‌లో డీజిలు లారీ టర్బో విప్పి బిగించగల మేస్త్రీలు మీకు దొరుకుతారు. బెల్టుతో తిరిగే పెట్రోలు తిత్తి వస్తే మాత్రం చాలామంది ఒక అడుగు వెనక్కు వేస్తారు. తెలియని వస్తువు మీద అనుమానం ముందు పోవడం మానవ స్వభావం. ఆ అనుమానమే ఈ పాఠంలో మన ప్రత్యర్థి.

కొత్తపేట, ఎల్.బి. నగర్‌ల మధ్య ఒక సందులో షెడ్డు ఉందనుకుందాం. అటువంటి కారొకటి, పాతది, లోపలికి వచ్చింది. యజమాని దిగి చెబుతున్నాడు:

“మేస్త్రీ, సిగ్నల్ కాడ ఆగితే బండి వణుకుతున్నది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే దమ్ము లేదు. ముందర ఏదో గుయ్యిమంటున్నది.”

బానెట్టు ఎత్తగానే పక్కన నిలబడ్డ కుర్రవాడు, “ఇంకేంది, సూపర్‌ఛార్జర్ పోయింది” అన్నాడు.

“పోయిందని నీకెట్ల తెలుసు?” అన్నాడు మేస్త్రీ.

మంచి ప్రశ్న. కొత్త సూపర్‌ఛార్జరు వేస్తే పాత కారు వెలలో పెద్ద భాగం దానికే పోతుంది. వేసిన తరువాత కూడా వణుకు తగ్గకపోతే? అందుచేత మేస్త్రీ స్పానరు పట్టకముందు లక్షణాలను విడదీశాడు. అవి మూడు. వణుకు, బలం లేకపోవడం, గుయ్యిమనే చప్పుడు. మూడింటికీ కారణం ఒకటే అని ఎవరు చెప్పారు?

చప్పుడు సంగతి ముందు తేల్చుకోవచ్చు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, బెల్టు తీసివేయాలి. సూపర్‌ఛార్జరు పుల్లీని చేత్తో తిప్పి చూడాలి. బేరింగు అరిగితే గరగరమంటుంది, పుల్లీ అటూ ఇటూ ఊగుతుంది. రోటర్లు రాసుకుంటుంటే ఒక్కొక్కచోట పట్టినట్టవుతుంది. మన కారులో అది నున్నగా, నిశ్శబ్దంగా తిరిగింది. బెల్టును బిగువుగా ఉంచే చిన్న పుల్లీని తిప్పితే మాత్రం లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. గుయ్యిమన్నది అదే. తిత్తి నిర్దోషి. ఇక్కడ ఒక మాట. బెల్టు లేకుండా ఇంజను నడిపి చప్పుడు పోయిందేమో చూసే పద్ధతి ఒకటుంది. కాని అనేక కార్లలో ఆ బెల్టే నీటి పంపునూ తిప్పుతుంది. కొన్ని సెకన్లకు మించి అలా నడిపితే కొత్త జబ్బు కొనితెచ్చుకున్నట్టే.

ఇక వణుకు, బలహీనత. ఇవి రెండూ కలిసిన జంట కావచ్చు. ఎలాగో చూడడానికి గాలి నడిచే దారిని మనసులో గీసుకోండి. ముందు వడపోత. తరువాత గాలిని గ్రాముల్లో తూచే కొలమానం. తరువాత తిత్తి. తరువాత ఇంటర్‌కూలరు. తరువాత యాక్సిలరేటరు తెరిచే తలుపు, అంటే థ్రాటిలు. చివర సిలిండర్లకు పంచే గొట్టాల సముదాయం, మానిఫోల్డు. కొలమానం ఎన్ని గ్రాములు చెబితే దానికి తగినంత పెట్రోలును ఇంజను కంప్యూటరు వదులుతుంది. పొగగొట్టంలో ఇంకొక కాపలాదారు ఉంటాడు. వదిలిన పొగలో ఆక్సిజన్ మిగిలిందా లేదా చూసి, పెట్రోలు చాలలేదనో ఎక్కువయిందనో కబురు పంపుతాడు. ఆ కబురును బట్టి కంప్యూటరు నూటికి ఇన్ని పాళ్ళని సవరణ చేసుకుంటుంది. ఆ సవరణ అంకె స్కానరులో కనిపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది.

ఎక్కడో చిల్లు పడిందనుకోండి. చిల్లు ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కొలమానానికీ తిత్తికీ మధ్య పడితే అక్కడ ఎల్లప్పుడూ పీల్పే. లెక్కలోకి రాని గాలి దొంగతనంగా లోపలికి వస్తుంది. కంప్యూటరు ఎప్పుడూ పెట్రోలు కలుపుతూనే ఉంటుంది. తిత్తికీ థ్రాటిలుకూ మధ్య పడితే, స్లోలో పెద్ద తేడా ఉండదు. బరువు మీద నడిచేటప్పుడు తూచిన గాలి బయటకు పారిపోతుంది. కంప్యూటరు లేని గాలికి పెట్రోలు పోసి, తరువాత తగ్గించుకుంటుంది. థ్రాటిలు తరువాత, మానిఫోల్డు దగ్గర పడితే? స్లోలో అక్కడ పీల్పు, గాలి లోపలికి వస్తుంది. తిత్తి దట్టించినప్పుడు అక్కడే ఒత్తిడి, గాలి బయటకు పోతుంది. ఒకే చిల్లు, రెండు రకాల దొంగ! మామూలు ఇంజనులో ఈ వింత జరగదు. అక్కడ మానిఫోల్డులో పీడనం బయటి పీడనాన్ని మించదు.

మేస్త్రీ స్కానరు తగిలించాడు. స్లోలో సవరణ +23. యజమాని పక్కన కూర్చుని బండిని ఎత్తు ఎక్కించగా −8. ఒకచోట కూడిక, ఒకచోట తీసివేత. ఇప్పుడు మీరే చెప్పండి, చిల్లు ఎక్కడ? మానిఫోల్డు దగ్గరే.

ఎంత చిల్లు? ఇదీ కట్టవచ్చు. ఇంత ఇంజను స్లోలో తాగే గాలి సెకనుకు 4 గ్రాములు. రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రం గుండా మానిఫోల్డు పీల్పుకు సెకనుకు ముప్పాతిక గ్రాము లోపలికి దూరగలదు. కొలమానం చూసింది మూడుంపావు, సిలిండర్లు తాగింది నాలుగు. 4ను 3.25తో భాగిస్తే 1.23. అదే ఆ +23. చీమ దూరేటంత చిల్లు బండినంతా వణికిస్తోంది, ఎందుకంటే స్లోలో ఇంజను ఆహారమే పిసరంత. బరువు మీద సెకనుకు 50 గ్రాములు పోతున్నప్పుడు ఆ చిన్న చిల్లు లెక్కకు రాకూడదు. మరి −8 ఎలా వచ్చింది? నాలుగు గ్రాములు పోతే గాని ఆ అంకె రాదు. దీనికి జవాబు లోహంలో లేదు, రబ్బరులో ఉంది. రబ్బరు గొట్టం చీలితే, పీల్చినప్పుడు దాని పెదవులు దగ్గరపడతాయి. లోపలి నుంచి ఒత్తిడి వస్తే నోరు తెరుస్తాయి. అంకెలను చూసే మేస్త్రీ, చీలింది రబ్బరు గొట్టమేనని సగం తేల్చేశాడు.

మిగతా సగం కళ్ళతో చూడాలి. ట్యూబు పంక్చరు ఎలా పట్టుకుంటారు? గాలి కొట్టి నీళ్ళలో ముంచితే బుడగలు వస్తాయి. కారును తొట్టిలో ముంచలేం కనుక, ఇంజను ఆపి, గాలి దారి మూతి మూసి, పొగయంత్రంతో చాలా తక్కువ ఒత్తిడితో పొగ నింపుతారు. మన కారులో నిమిషం తిరగకముందే మానిఫోల్డు అడుగు నుంచి సన్నని తెల్లని దారం లేచింది. క్రాంక్‌కేసులోని నూనె ఆవిర్లను లాగి మానిఫోల్డులోకి పంపే గొట్టమది. ఏళ్ళ తరబడి వేడికీ నూనెకూ గట్టిపడి, వంపు దగ్గర పైకి కనబడకుండా అడుగున చీలింది. ఈ జాతి ఇంజన్లలో ఆ గొట్టం మీద ఒక కన్ను వేసి ఉంచాలని తెలిసినవారికి తెలుసు.

కొందరు ఇంజను నడుస్తుండగా పెట్రోలో, క్లీనరో గొట్టాల మీద చల్లి, వేగం మారితే అక్కడే చిల్లని చెబుతారు. పొగగొట్టం ఎర్రగా కాగి ఉండగా పెట్రోలు చల్లడమంటే నిప్పుతో చెలగాటమే. ఆ పని చేసే షెడ్డులో మీరు నిలబడవద్దు. తిరిగే బెల్టు దగ్గరకు చున్నీ, పొడుగు చేతుల చొక్కా పోనివ్వవద్దు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, మనిషిని చంపడానికి అవి అవసరం లేదు.

చిన్న వస్తువు పెద్ద యంత్రాన్ని దింపడం, మళ్ళీ చిన్న వస్తువే దాన్ని నిలబెట్టడం కొత్త కాదు. దీనిలో హైదరాబాదు పేరున్న కథ ఒకటుంది. 1940లో బ్రిటన్ మీద వైమానిక యుద్ధం జరిగినప్పుడు పోరాడిన దళాల్లో 152 హైదరాబాద్ స్క్వాడ్రను ఒకటి. నిజాం ఇచ్చిన కానుకకు గుర్తుగా ఆ పేరు పెట్టారు. వారి స్పిట్‌ఫైర్ విమానాలకు 27 లీటర్ల మెర్లిన్ ఇంజను, దానికి పళ్ళచక్రాలతో తిరిగే సూపర్‌ఛార్జరు. ఎత్తున గాలి పలచబడ్డా ఆ తిత్తి ఇంజనుకు ఊపిరి పోసేది. కాని పైలట్ ముక్కు ఒక్కసారి కిందికి వంచితే ఇంజను దగ్గి, ఆగినంత పని చేసేది. ఎదుటి మెస్సర్‌ష్మిట్‌కు ఆ జబ్బు లేదు. లోపం తిత్తిలో లేదు. కార్బురేటరులోని పెట్రోలు ఎగిరి పైకి అంటుకోవడం, వెనువెంటనే పంపు అతిగా పెట్రోలు పోసి ముంచేయడం అసలు కారణం. 1941లో బియాట్రిస్ షిల్లింగ్ అనే ఇంజనీరు, ఇంజను పూర్తి బలంతో నడవడానికి ఎంత కావాలో అంతే పోనిచ్చే రంధ్రం ఉన్న చిన్న ఇత్తడి బిళ్ళను పెట్రోలు దారిలో పెట్టించింది. విమానాలను విప్పి పోయకుండా ఎయిర్‌ఫీల్డుల్లోనే అమర్చారు. తాత్కాలిక వైద్యమే గాని, ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోవడం తగ్గింది.

మన షెడ్డుకు వద్దాం. కొత్త గొట్టం, కొత్త క్లిప్పులు, బిగువు పుల్లీ వేశారు. కంప్యూటరు నేర్చుకున్న పాత సవరణలు తుడిచారు. లేకపోతే అది లేని చిల్లుకు కొంతసేపు పెట్రోలు పోస్తుంది. బండి హయత్‌నగర్ వైపు పోయి తిరిగి వచ్చింది. స్లోలో +2, ఎత్తులో −1. విప్పని సూపర్‌ఛార్జరు తన చోటనే ఉంది.

కుర్రవాడికి ఇంకా ఒక సందేహం మిగిలింది. వాక్యూం గేజి తెచ్చి మానిఫోల్డుకు తగిలించాడు. స్లోలో 430 మిల్లీమీటర్లు చూపింది. విదేశంలో అచ్చయిన పుస్తకంలో, సముద్రమట్టం దగ్గర మంచి ఇంజను 460 నుంచి 510 చూపాలని ఉంది. “ఇంకా ఏదో లీకున్నది మేస్త్రీ” అన్నాడు. మేస్త్రీ నవ్వి, మచిలీపట్నంలో పాదరసం ఎంత ఎత్తున నిలుస్తుందో, ఎల్.బి. నగర్‌లో ఎంత నిలుస్తుందో అడిగాడు. ఆ తీసివేత చేసి, కుర్రవాడికి ఏమి జవాబు చెప్పాలో మీ నోటుపుస్తకంలో రాయండి.